పదహారో చుట్టు

మా అన్న కూతురు ఎనిమిదో తరగతి నుంచి మానుకోటలో నా దగ్గరే ఉండి చదువుకుంది. అన్నావదినలు కొత్తగూడ అడవిలో పోడు సేద్యం చేసుకుంటారు. నేను ఇక్కడ ల్యాబులో రక్త పరీక్షలు చేస్తాను. రోజంతా మైక్రోస్కోపులో కన్ను పెట్టి కణాలు లెక్కపెట్టడమే పని. పొద్దున్నే ఆ పిల్ల పరుగెత్తుతుంటే మైదానం మెట్ల మీద కూర్చునేదాన్ని. పొగమంచులోంచి ముందు అడుగుల చప్పుడు వచ్చేది, తర్వాత మనిషి వచ్చేది, మళ్లీ మంచులో కలిసిపోయేది. ఆ చప్పుడు వింటూ సగం నిద్రలో ఉండిపోయేదాన్ని.

తనకు పదిహేనేళ్లప్పుడు ఉమ్మడి జిల్లా ఎంపిక పోటీలు జనగామలో పెట్టారు. మూడు వేల మీటర్ల పరుగు. బడి మైదానం చిన్నది కాబట్టి పదిహేను చుట్లు తిరగాలి. మొదటి ఇద్దరు రాష్ట్ర పోటీలకు పోతారు. నేను పదిహేను చింతగింజలు ఎడమ గుప్పిట్లో పట్టుకుని, చుట్టుకొకటి కుడి చేతిలోకి మార్చాను.

సగం పరుగయ్యేసరికి మా పిల్ల వెనకబడ్డవాళ్లను ఒక చుట్టు మించి దాటేసింది. ఇక ఎవరు ముందో ఎవరు వెనకో చూసేవాళ్లకు తెలియలేదు. లెక్క రాసే సారు ఒక్కరే, పరుగెత్తేవాళ్లు పద్నాలుగు మంది. చివరి గింజ చేయి మారినప్పుడు మా పిల్ల అందరికంటే ముందు గీత దాటి మోకాళ్ల మీద కూలబడింది. సారు చెయ్యి ఊపుతూ ఇంకో చుట్టు ఉందన్నాడు. ఆమె నావైపు చూసింది. అయిపోయిందని నేను అరిచాను, కానీ అప్పటికే లేచి పరుగందుకుంది. ఆ పదహారో చుట్టు ముగిసేలోపు ఇద్దరు పిల్లలు తమ పదిహేను పూర్తిచేశారు. మా పిల్లను మూడోదిగా రాశారు.

బల్ల దగ్గరికి పోయి గింజలు చూపించాను. సారు కోప్పడలేదు. అలసిపోయిన గొంతుతో, "కాయితం మీద ఉన్నదే లెక్కమ్మా" అన్నాడు. రెండో స్థానం వచ్చిన భూపాలపల్లి పిల్ల పక్కనే తల వంచుకుని నిలబడి ఉంది.

సాయంత్రం ప్యాసింజరు బండిలో తిరిగొచ్చాం. కిటికీ బయట చెరువులు ఒక్కొక్కటే వెలిగి ఆరిపోతున్నాయి. పత్తి చేలు తెల్లగా, నీళ్లలో తేలుతున్నట్టు వెనక్కి పోతున్నాయి. ఆమె కాళ్లకు ఎర్రమట్టి అట్లాగే ఉంది. నిద్రపోయిందనుకున్నాను. వరంగల్ దాటాక కళ్లు తెరవకుండానే అడిగింది.

"అత్తా, నువ్వు మంచిగనే లెక్కవెట్టినవా?"

తన కాళ్ల మీద తనకే అనుమానం వచ్చిందని అప్పుడు అర్థమైంది.

"పదిహేనే బిడ్డా. నేను చూసిన. ఎవ్వలడిగినా గదే చెప్త."

ఆమె నా భుజం మీద తల వాల్చింది.

లెక్క తప్పిందని నేను ఆటల అధికారికి అర్జీ రాశాను. ఎంపికైనవాళ్ల జాబితా పైకి వెళ్లిపోయిందని జవాబొచ్చింది. ఆమె పరుగు మానేసింది. మళ్లీ పరుగెత్తమని నేను అడగలేదు, అడిగితే ఇంకా దూరం పోతుందని భయం. పొద్దున లేచి ఇద్దరం ఊరికే నడిచేవాళ్లం. నడక కూడా వద్దన్న రోజున చాయ్ తాగుతూ గడప మీద కూర్చునేవాళ్లం.

ఇప్పపూలు రాలే కాలంలో కొత్తగూడకు తీసుకుపోయాను. తెల్లవారుజామున అడవంతా తీపి వాసన. పూలు రాలే చప్పుడు ఎంత మెత్తగా ఉంటుందంటే, ఆగి వింటే తప్ప తెలియదు. మేం పూలు ఏరుతుండగా నా ఫోను మోగింది. భూపాలపల్లి పిల్ల. వాళ్ల ఆటల సారును అడిగి నంబరు సంపాదించిందట.

మా పిల్ల ఫోను స్పీకర్‌లో పెట్టి చెట్టు మొదట్లో కూర్చుంది.

"నేను ఆఖరు చుట్టుల ఉండంగనే నీ పదిహేను అయిపోయినయ్. నాకు యాదికున్నది. గప్పుడే చెప్పాలె. భయమైంది" అంది ఆ పిల్ల. రాష్ట్ర పోటీల్లో తను చివరి నుంచి రెండోదయ్యానని కూడా చెప్పింది.

నాకు కోపమొచ్చింది. ఒక్క మాట అప్పుడే అని ఉంటే! మా పిల్ల మాత్రం ఒడిలోని పూలను వేళ్లతో కదుపుతూ, "ఆడ ట్రాక్ ఎట్లుంటది?" అని అడిగింది. రబ్బరుదని, కాలు పెడితే తిరిగి పైకి లేపుతదని ఆ పిల్ల చెప్పింది. ఇద్దరూ ఎంతసేపు మాట్లాడుకున్నారో! నేను బుట్ట నింపి వచ్చేసరికి ఎండ చెట్ల నడుమ దిగింది.

మర్నాడు ఆమె చెప్పులు విడిచి అడవి బాట మీద పరుగెత్తింది. ఎక్కడిదాకా అని నేను అడగలేదు.

మరుసటి ఏడు పోటీలు భూపాలపల్లిలో జరిగాయి. ఒక్కో పిల్లకు ఒక్కో మనిషిని లెక్కకు పెట్టాలని ముందే అర్జీ ఇచ్చాను, ఒప్పుకున్నారు. పెద్ద పిల్లల విభాగం. మా పిల్ల నాలుగోదైంది. పరుగయ్యాక నా దగ్గరికి ఎట్లా వస్తుందోనని నీళ్ల సీసా పట్టుకుని ఎదురుచూశాను. రొప్పుతూ వచ్చి, నీళ్లు తాగి, "ఆఖరు రెండు చుట్లల్ల దమ్ము సాలలే అత్తా. ముందుగాలనే ఉరికిన. గిది నా తప్పే" అంది. ఆ మాట అంటూ నవ్వింది కూడా.

ఆకలవుతోందంటే మైదానం బయట బజ్జీల బండి దగ్గరికి పోయాం. భూపాలపల్లి పిల్ల కూడా వెంట వచ్చింది. వాళ్లిద్దరూ వచ్చే ఏటి పరుగు గురించి మాట్లాడుకుంటూ తిన్నారు. నేను చాయ్ తాగుతూ కూర్చున్నాను.