ఎర్ర తువ్వాల

సూరత్‌లో మేమున్న మేడ మీద ఎవరి డిష్ పక్కకు తిరిగినా సరిచేసేది కింది గదిలో ఉండే పెద్దాయనే. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి, ముప్పై ఏళ్లుగా బట్ట నేసే సాంచెల మీద పనిచేస్తున్నాడు. అందరం పెద్దబాపు అనేవాళ్లం. ఎదురుగా కూర్చుంటే ఎంతసేపైనా కబుర్లు చెప్పేవాడు.

పానాతో నట్టు వదులు చేసి, డిష్‌ను వేలెడంత జరిపి, కాసేపు ఆగేవాడు. లోపల మా ఆవిడ టీవీ చూసి చెబితే, మెట్ల దగ్గర నిలబడ్డ నేను ఆయనకు చెప్పాలి. దానికొక షరతు ఉండేది.

"బొమ్మ వస్తే ఒర్రకు బిడ్డా, ఎర్ర తువ్వాల ఊపు."

అరిస్తే ఇరుగుపొరుగుకు ఇబ్బందని కాబోలు, ఎంత మర్యాదో అని నవ్వుకునేవాణ్ణి.

ఒకసారి గాలివానకు మా డిష్ తిరిగిపోయింది. ఆయన దాన్ని సరిచేసి, కుదిరిందో లేదో చూసుకుంటూ వెనక్కి నడిచాడు. ఆ వైపు పిట్టగోడ లేదు.

"పెద్దబాపూ, ఆగు!" గొంతు చించుకున్నాను.

ఆయన ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

పరుగెత్తి చొక్కా పట్టి లాగాను. ఇద్దరం కూలబడ్డాం. ఆయన నవ్వుతూ, "ఏంది, బొమ్మ వచ్చిందా?" అన్నాడు.

"అంత అరిచినా వినపడలేదా?" అని మళ్లీ అరిచాను.

ఆయన నవ్వు ఆపి, నా నోటి వంకే చూశాడు.

"సాంచెల మోతకు చెవులు ఎన్నడో పోయినయ్. జర మెల్లగ చెప్పు బిడ్డా. ఒర్రితే నీ పెదవులు సమజ్ కావు."