యాదగిరి జెర్సీకి నేను చేయించిన ఫిట్టింగ్

ఒక్క చొక్కాతో ఒక మనిషి భవిష్యత్తును ఎంతవరకు చెడగొట్టవచ్చో తెలుసుకోవాలంటే నన్నడగండి. ఈ విషయంలో నాకు మంచి అనుభవం ఉంది.

మేడ్చల్ దగ్గర ఇంజినీరింగ్ చదివే రోజుల్లో నాకు హాకీ ప్రేమ నవలల పిచ్చి పట్టింది. అన్నింటిలోనూ ఒకటే కథ. కాలేజీ జట్టు కెప్టెన్ నోరు విప్పడు, హీరోయిన్ నోరు మూయదు. చదువులో వెనకబడ్డ అతనికి ఆమె పాఠాలు చెబుతుంది. ఒకరోజు అతను తన జెర్సీ ఇస్తాడు. ఆమె అది తొడుక్కుని మ్యాచ్‌కి వస్తుంది. ఇక పెళ్లే.

నోరు మూయని పిల్లగా కొంపల్లి నుంచి నేనున్నాను. నోరు విప్పనివాడు అలియాబాద్‌లో దొరికాడు, మా కెప్టెన్ యాదగిరి. నవలల్లో మంచు మీద ఆడతారు, మాది ఎర్రమట్టి. లెక్కల్లో తప్పింది కూడా నేనే, పాఠాలు చెప్పింది అతను. ఇలాంటి చిన్న చిన్న తేడాలను నేను పట్టించుకోలేదు.

ఫైనల్‌కి ముందు యాదగిరి తన జెర్సీ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"చంక కాడ చినిగింది. మీ కొంపల్లిల టైలర్‌కిచ్చి కుట్టిస్తవా?"

జెర్సీ ఇచ్చాడన్నదే నాకు ఎక్కింది. మిగతాది ఎక్కలేదు.

ఇంట్లో తొడుక్కుని చూస్తే మోకాళ్ల దాకా వచ్చింది. నవలల్లో అలా వదులుగా ఉంటేనే అందమట. నేను మాత్రం బియ్యం బస్తాలో దిగినట్టున్నాను. అలాగే టైలర్ దగ్గరికి వెళ్తే అతనికీ అదే అనిపించింది.

"ఏందమ్మా గిది, ఫిట్టింగ్ జేయాల్నా?"

"చెయ్యన్నా. మంచిగ పట్టినట్టుండాలె."

మంచిగానే పట్టింది.

ఫైనల్ షామీర్‌పేటలో. యూనివర్సిటీ జట్టుకు ఆటగాళ్లను ఎంచే పెద్దమనుషులు వచ్చారు. బంతి దొరికితే ఎవరికీ ఇవ్వడని అంతకుముందు యాదగిరిని వద్దన్నది వాళ్లే. అతనికి ఇదే ఆఖరి అవకాశం. నేను జెర్సీ తొడుక్కుని, నా దోస్తు రేష్మాతో ముందు వరసలో కూర్చున్నాను. యాదగిరి బనియన్ మీద పరుగెత్తుకొచ్చాడు.

"నా జెర్సీ ఏది?"

లేచి నిలబడి చుట్టూ తిరిగి చూపించాను.

"కుట్టియ్యమంటె తొడుక్కున్నవేంది? ఇగ ఇయ్యి."

"ఇంకోటి లేదా?"

"నేనేమన్న జెర్సీల దుకాణం పెట్టిన్నా?"

హీరోకి జెర్సీలు ఎన్నుంటాయో ఏ నవలలోనూ రాయలేదు. నా తప్పేముందో మీరే చెప్పండి.

కుర్తా మీద తొడుక్కున్నాను కాబట్టి పరువు దక్కింది. తీసి ఇచ్చాను. అతని తల దూరింది కానీ చేతులు పైనే ఉండిపోయాయి. రేష్మా ఒక పక్క, నేనొక పక్క పట్టి గుంజితే జాకెట్టులాగా బొడ్డు పైదాకా దిగింది.

"ఊపిరాడుతాందా?" అంది రేష్మా.

"జరంత."

"స్టిక్ లేపుతవా మరి?"

లేపబోయాడు. చేతులు నడుము దాటలేదు. అతని మొహం చూసి నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

బంతిని గట్టిగా కొట్టే దారి లేక, దొరికినప్పుడల్లా పక్కవాడికి తోసేశాడు. అలా తోసిన బంతులతోనే మావాళ్లు గోల్స్ వేసి గెలిచారు.

"పిలగాడు మారిండు. మస్తు పాసులిస్తాండు, తీసుకుందాం" అన్నాడు వచ్చిన పెద్దమనిషి.

యాదగిరి నేరుగా నా దగ్గరికొచ్చాడు. నవల ప్రకారం ఇక్కడ ముద్దుండాలి. కళ్లు మూసుకున్నాను.

"కత్తెరున్నదా?" అన్నాడు.

ఇక ఏ మగవాడి బట్టల జోలికీ పోనని, జెర్సీ కోసి తీసిన ఆ కత్తెర మీద ప్రమాణం చేశాను. ఇప్పటికీ మాట తప్పలేదు. అయినా యాదగిరికి నమ్మకం లేదు. మా పెళ్లికి షేర్వానీ కుట్టించుకునేటప్పుడు నన్ను టైలర్ దుకాణం బయటే నిలబెట్టాడు.