రెండో గొంతు

నా చిన్నప్పుడు మా తోటలో మోటారు తొట్టి దగ్గర ఆడుకోవాలంటే దేవుడి పేర్లు పైకి చెబుతూ ఉండాలి. అది మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, పెట్టిన కట్టుబాటు. నేను 'కేశవా' అంటే తమ్ముడు 'నారాయణా' అనాలి. నేను 'మాధవా' అంటే వాడు 'గోవిందా' అనాలి. నీళ్ళ దగ్గర ఉన్నంతసేపూ ఆపకూడదు. నేను బడికి వెళ్ళలేదు, అక్షరాలు కూడా ఆవిడ దగ్గరే, దేవుడి పేర్లు రాస్తూ దిద్దాను. అందుకని ఇదీ భక్తి కోసమే అనుకున్నాను.

చెరుకు తడికి నీళ్ళు నింపే సిమెంటు తొట్టి అది. నాకే గొంతు దాకా లోతు. తమ్ముడికి నాలుగేళ్ళు.

ఓ వేసవి ఉదయం వాడికి విసుగొచ్చింది. "అక్కా, నాది కూడా నువ్వే సెప్పీ" అన్నాడు. సరేనని వాడి గొంతు పెట్టి రెండు వంతులూ నేనే అందుకున్నాను. నాకది భలే గొప్పగా ఉంది. తొట్టికి వీపు పెట్టి, ఇసకలో గూళ్ళు కడుతూ, గడగడా చెప్పేస్తున్నాను.

పాక అవతల జీడిపిక్కలు ఎండబోస్తున్న మామ్మ ఉన్నట్టుండి పరుగెత్తుకొచ్చింది. "గుంటడేడే?"

"ఇక్కడే ఉన్నాడు మామ్మా" అంటూ వెనక్కి తిరిగాను. లేడు. నీళ్ళ మీద వాడు ఆటకి నీళ్ళు ముంచుకునే గ్లాసు తేలుతోంది. కేక లేదు, నీళ్ళు చిందిన చప్పుడైనా లేదు.

మామ్మ చీరతోనే దిగి జుట్టు పట్టి లాగింది. వాడి పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఆవిడ ఏం చేసిందో నాకు సరిగా గుర్తులేదు. వాడు దగ్గి నీళ్ళు కక్కేదాకా నేను మాత్రం పేర్లు ఆపలేదు. ఆపితే వాడు పోతాడనిపించింది.

నన్ను కొట్టలేదు. వాణ్ణి ఒళ్ళో వేసుకుని చాలాసేపటికి చెప్పింది. "ఆడు పేరు పేరుకీ తడుముకుంటాడు కదే. ఇయ్యాల తడుముకోలేదు. దాంతోనే అనుమానమొచ్చింది." కొంగుతో వాడి తల తుడుస్తూ, "నా పెద్దగుంట ఈ తొట్లోనే పోయింది. నాను పక్కనే బట్టలు పిండుతున్నాను. ఒక్క సప్పుడు వినబళ్ళేదు. మునిగిపోయే పిల్లలు అరవరమ్మా. అందుకే మిమ్మల్ని అరిపిస్తన్నాను" అంది.

మా నాన్నగారికి ఒక అక్క ఉండేదని ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు నర్సీపట్నంలో మా అబ్బాయి ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ ఉంది. చుట్టూ కంచె, పిల్లలకి అందనంత ఎత్తులో గేటు గడియ. భగవంతుడి దయ, అన్నీ పెట్టించాడు. అయినా మనవలు నీళ్ళలో దిగితే నేను గట్టునే కుర్చీ వేసుకుంటాను. ఫోనొస్తే ఎత్తను. వాళ్ళచేత పేర్లు చెప్పిస్తాను, ఎవరి వంతు వాళ్ళే. "మామ్మకి భక్తెక్కువ" అని నవ్వుకుంటారు. కాదనను. తమ్ముణ్ణి నాకు తిరిగిచ్చిన స్వామికి ఇన్నేళ్ళుగా రోజూ దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను. కానీ నీళ్ళ దగ్గర కళ్ళు మూసుకోను. ఒక్క గొంతు ఆగితే చాలు, లేచి నిలబడతాను.