ఎండు ఊక వెనక్కొచ్చింది

ఈ ఉదయం రాజాం దగ్గర, ఊకతో కరెంటు తీసే ప్లాంటు గేటులో మా రైసు మిల్లు ఊక ట్రాక్టరును ఆపేశారు. ఊక తడిగా ఉందని అనుమానించారనుకుని మా డ్రైవరు సింహాచలం మావకు ఒళ్లు మండింది. లోడులోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, పిడికెడు తీసి సూపర్‌వైజరు ముఖం ముందు పెట్టాడు.

"సూడు బాబూ, తడేటైనా ఉన్నాదేటి?"

"తడి కాదు మావా. బొగ్గు బదులు ఊక కాలుస్తన్నామని విదేశాలోళ్లు మన కార్బన్ క్రెడిట్లు కొనేవోరు. ఆ డబ్బుతోనే ప్లాంటు నడిసేది. ఇప్పుడు వాటి రేటు పడిపోనాది. రేపట్నుంచి ప్లాంటు మూసేస్తన్నారు."

మావ పిడికెడు ఊకనూ మళ్లీ లోడులో పోసి, ట్రాక్టరు వెనక్కి తిప్పుకొచ్చాడు. మిల్లు వెనక ఊక గుట్ట ఇప్పటికే గోడ దాటింది. ఇది కదలకపోతే మిల్లూ ఆగుతుంది.

ఊకలో తడి ఉంటే చెయ్యి పెట్టి చెప్పేస్తాం. విదేశాల్లో రేటు పడిపోతుంటే ఎక్కడ చెయ్యి పెట్టి చూడాలి? తెలిసినవాళ్లు చెప్పండి.