వాపసొచ్చిన డబ్బాలు

ఏడేండ్ల సంది ఒక మాట మోస్తున్న. బియ్యం బస్తా అయితే భుజం మార్చుకోవచ్చు. దీనికి ఆ సౌలత్ లేదు.

నా పేరుతో మీకు పని లేదు. ఎనిమిదో తరగతిల బడి వదిలిపెట్టిన. లెక్కల సారు, నేను, ఇద్దరం సంతోషపడ్డం. ఉప్పల్‌ల మా గల్లీల ఎవర్నడిగినా "వాడా, మస్తు నవ్విస్తడు" అంటరు. ఆ నవ్వించుడే నా కొంప ముంచింది. కాదు. అబద్ధం మళ్ల మొదలుపెట్టిన చూడుండ్రి. మునిగింది నా కొంప కాదు, ఇంకొకరిది.

అప్పుడు నాచారంల ఒక చిన్న కంపెనీల స్టోర్ చూసుకునేటోన్ని. అపార్ట్‌మెంట్లల్ల ట్యాంకు నిండంగనే మోటర్‌ను దానంతటదే బంద్ చేసే డబ్బా ఉంటది కదా, దాని లోపలి బోర్డుకు ప్రోగ్రాం రాసే కంపెనీ. ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్ అంటరు. పైన ఏసీల ఇంజినీర్లు రాస్తరు, కింద రేకుల షెడ్డుల నేను డబ్బాలకు నంబర్ స్టిక్కర్ అంటించి పంపిస్త. ఆ ప్రోగ్రాం నెలకు ఒకసారన్న నిద్రపోయేది. ట్యాంకు పొంగి మెట్ల మీద వాన. జనం తిట్టుకుంట డబ్బా వాపస్ పంపేటోళ్లు. మేము దాంట్ల ప్రోగ్రాం మళ్ల ఎక్కించి, పాత స్టిక్కర్ పీకి, కొత్తది అంటించి, కొత్త డబ్బాల ర్యాకులనే పెట్టేటోళ్లం. వాపసొచ్చిన వాటికి వేరే ర్యాకు మా దగ్గర లేదు. ఎందుకు లేదని నేనూ అడగలే.

ఓనర్ పైసలు పెట్టేటోళ్ల కోసం తిరుగుతుండె. అట్ల వచ్చిండు సార్. రైల్వేల సిగ్నల్ డిపార్ట్‌మెంట్ల చేసి రిటైరైన మనిషి, కోస్తా దిక్కాయన, ఓనర్ నాయనకు పాత దోస్త్. ఉండేది లాలాపేట్‌ల, లిఫ్ట్ లేని బిల్డింగ్‌ల మూడో అంతస్తు. ఆయన భార్యను మేడం అంట, ఆమె మోకాళ్లు అప్పటికే అరిగినయి. లిఫ్ట్ ఉన్న ఫ్లాటు కొనాలని దాచిన రిటైర్మెంట్ పైసలు కొన్ని తక్కువ పడ్డయి. కంపెనీ పెరిగేదైతే ఇందుల పెట్టి పెంచుకుందామని ఆయన ఆలోచన.

పెరుగుతదా లేదా అని చూడనీకి ఆయనదొక పద్ధతి. ఓనర్ చూపిన రంగురంగుల గ్రాఫులు పక్కకు పెట్టిండు. కాగితం మీద ఏమైనా గీయొచ్చు, గోదాం అబద్ధం చెప్పదు అనేటోడు. వరుసగ నాలుగు శనివారాలు షెడ్డుకొచ్చి, జేబులకెల్లి నోట్‌బుక్ తీసి, ర్యాకుల డబ్బాలు లెక్కపెట్టిండు. మొదటి వారం రెండు వరుసలున్నయి. నాలుగో వారానికి రేకులను తాకుతున్నయి. ఆర్డర్లు పెరుగుతున్నయనుకొని ఆయన మొఖం వెలిగిపోయింది. పెరుగుతున్నది అమ్మకం కాదు, వాపసు. అక్కడ నిలబడ్డ ఇద్దర్ల ఆ సంగతి నాకొక్కనికే ఎరుక.

పోయేముంగట నా దిక్కు తిరిగి అడిగిండు.

"ఏమోయ్, పంపినవి ఏమైనా తిరిగి వస్తున్నాయా? మీ ఓనర్‌ని అడిగితే ఓనర్ మాటే చెప్తాడు. నువ్వు చెప్పు."

నా నోరు నాకంటే ముందు లేచింది. "మా ఆడపిల్లలు మంచోళ్లు సార్. అత్తగారింటికి తోలినంక అలిగొచ్చుడు లేదు."

ఆయన కడుపు పట్టుకొని నవ్విండు. "నువ్వు చదువుకోకపోవడం దేశానికే నష్టమోయ్!"

"చదువుకుంటే ఇంకా పెద్ద నష్టం అయితుండె సార్."

మళ్ల నవ్విండు. నోట్‌బుక్ మూసి జేబుల పెట్టిండు.

అప్పుడన్న ఆపొచ్చు కదా నేను? "సార్, మజాక్ చేసిన, జర ఆగుండ్రి" అనడానికి ఎంతసేపు పడ్తది? ఆయన బయటికి నడిచిండు. స్కూటర్ కిక్ కొట్టిండు, స్టార్ట్ కాలే. మళ్ల కొట్టిండు, కాలే. నేనే పోయి కిక్ కొట్టి స్టార్ట్ చేసిచ్చిన. దేవుడు ఇంకెంత టైమియ్యాలె నాకు?

సార్ పైసలు పెట్టిన ఏడాదిన్నరకు కంపెనీకి తాళం పడ్డది. పెట్టింది పెట్టినట్టే పోయింది. నాకు ఇంకో నౌకరి దొరికింది. ఆయనకు లిఫ్ట్ దొరకలే.

అప్పట్నుంచి వాళ్లింటికి బియ్యం, గ్యాస్ సిలిండర్ నేనే మోస్తున్న. మంచోడు అనుకుంటరు. మేడం చాయ్ ఇస్తది, నేను జోకులేస్త, ఆమె నవ్వుతది. ఇయ్యాల చెప్పెయ్యాలె అని ఎన్నిసార్లు ఆ మెట్లు ఎక్కిన, రేపు చూద్దాంలే అని ఎన్నిసార్లు దిగిన?

పోయిన వారం ఆమెను దవాఖానకు తీస్కపోవాల్సి వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీల కూసోపెట్టి, సార్ ఒక దిక్కు, నేను ఒక దిక్కు పట్టుకున్నం. ఆయన మాటిమాటికి పట్టు మార్చుకుంటున్నడు. మలుపు మలుపుకు కుర్చీ ఒరుగుతున్నది. ఆమె కండ్లు గట్టిగ మూసుకుంది. రెండో అంతస్తుకాడ ఆగి ఊపిరి తీసుకుంటుంటే నా చేయి మీద చేయేసి, "నీకెంత శ్రమ పెడుతున్నానో నాయనా," అన్నది.

నాకు జోకు రాలే. నిజం కూడా రాలే. కిందిదాకా దిగినం.

ఇంటికొచ్చి నన్ను నేనే అడిగిన. ఎందుకన్నవ్‌ రా ఆ మాట? నౌకరి పోతదని భయమా? ఇన్నేండ్లు అదే చెప్పుకున్న. పేదోని భయమంటే ఎవరైనా అర్థం చేసుకుంటరు, మీరూ చేసుకుందురు. కానీ అది నిజం కాదు. ఓనర్ నన్ను అబద్ధం చెప్పమనలే. ఆ రోజు షెడ్డులనే లేడు. నౌకరి సంగతి నా మనసులకే రాలే. అంత చదువుకున్న పెద్దమనిషి, ఇంజినీర్లను విడిచిపెట్టి, నా జవాబు కోసం నిలబడ్డడు. ఆయన్ని నవ్వియ్యాలనిపించింది. గంతే. అవును సార్, వస్తున్నయి అంటే నవ్వడు కదా.

ఈ ముక్క నా భార్యకు గూడ తెల్వదు. మీకు చెప్పిన. మాఫీ అడుగుతలేను. ఇచ్చేటోళ్లు మీరు కాదు, మూడో అంతస్తుల ఉన్నరు. వాళ్ల ముంగట నోరు లేస్తదో లేదో ఇప్పటికీ తెల్వదు. రాసుడైతే అయింది. ఊపిరి జర లోపలిదాకా పోతున్నది.