ఐదక్షరాల మాట

పాత ఫోన్ పూటకి రెండుసార్లు ఆగిపోతుంటే, మా అమ్మాయి పోరు పడలేక, పోయిన వారం కొత్తది కొన్నాను. పాత ఫోన్‌లో ఉన్న కబుర్లన్నీ తనే ఓపిగ్గా కొత్తదాంట్లోకి ఎక్కించి ఇచ్చింది. ఈ పొద్దున నేపర్‌విల్‌లో రైలెక్కి, కిటికీ పక్క సీటు దొరికిన సంతోషంలో, మా పొడుపుకథల గ్రూపు తెరిచి ఏదో పాత పొడుపు కోసం పైకి పైకి వెళ్ళాను. సగం ఫోటోలు రాలేదు. ఎవరో చదివి పంపిన ఆడియోలూ రాలేదు. బూడిద రంగులో ఒక చిన్న వాక్యం మాత్రం చెక్కు చెదరకుండా వచ్చి కూర్చుంది: ‘అడ్మిన్‌గా మీరు ఈ మెసేజ్‌ని డిలీట్ చేశారు.’ తీసేసిన మాటలు పోయాయి గానీ, తీసింది నేనేనన్న సంగతి కొత్త ఫోన్‌లోకి కూడా వచ్చింది. రైలు సిటీకి చేరేదాకా ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను.

ఆ గ్రూపు నేను పెట్టిందే. అంతకు ముందు ఇలాంటిదే మరో గ్రూపులో ఉండేదాన్ని. అక్కడ ఒక్క పొడుపుకథ చదవాలంటే ముందు పూలగుత్తుల గుడ్ మార్నింగులు, పెళ్ళిరోజు శుభాకాంక్షలు, షుగరుకి కాకరకాయ వైద్యాలు దాటుకుని రావాలి. విసుగెత్తి, మాటల మీద నిజంగా ఇష్టం ఉన్న ముప్ఫై మందిని ఏరుకుని వేరు కాపురం పెట్టాను. మొదటి రోజే నిబంధన రాసి పైన అతికించాను: ఇక్కడ శనివారానికొకరి వంతున పొడుపు, విడుపు, అంతే. పలకరింపులు, పండగలు, సొంత సంగతులు వద్దు. ఆ రాతలో నాకు ఎంత గర్వమో చెప్పలేను. హాస్పిటల్ రికార్డుల కంప్యూటర్ల దగ్గర ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నదాన్ని, ఏది ఎక్కడ ఉండాలో అక్కడే ఉండాలనే జబ్బు నాకు మొదటినుంచీ ఉంది. మా అమ్మాయి ఒకసారి నా భుజం మీదుగా చూసి, “అమ్మా, నువ్వు అచ్చం స్కూల్ హాల్ మానిటర్ లాగా ఉన్నావు,” అంది. బడి వరండాల్లో పిల్లల్ని అదిలిస్తూ తిరిగేవాళ్ళని ఇక్కడ అలా అంటారు. మెచ్చుకుందనే అనుకున్నాను.

పేర్లు కూడా పెట్టుకోలేదు మేము. ఈ దేశంలో ఎవరుంటున్న ఊరు వాళ్ళది, పక్కన వరస, అంతే. నేను నేపర్‌విల్ అక్కయ్యని. నాకంటే ఐదారేళ్ళు పెద్దాయన, పెద్ద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ కింద ఇరవై మందిని నడిపించే ఆయన, రెడ్‌మండ్ అన్నయ్యగారు. ఆయన ఏ పొడుపుకైనా ముందు మూడు తప్పు జవాబులు దర్జాగా చెప్పి నాలుగోది ఒప్పు చెప్పేవారు. అందరిలోకీ చిన్నవాడు ఆష్‌బర్న్ తమ్ముడు. ముప్ఫై అయిదు దాటి ఉండవు. పగలంతా డేటా సెంటర్ల కంప్యూటర్లతో కుస్తీ పట్టే మనిషికి ఇంత తెలుగు ఎక్కడిదని అందరం ఆశ్చర్యపోయేవాళ్ళం. గుంటూరు దగ్గర వాళ్ళ నాన్నగారు చర్చిలో బోధకుడట, ఇంట్లో రోజూ పెద్దగా చదవడం అలవాటట. ఈ రెండు ముక్కలూ అతను నాకు విడిగా చెప్పినవి. గ్రూపులో చెప్తే తీసేస్తానని తెలుసు కదా.

ఒకసారి మాత్రం పొరపాటు చేశాడు. రెండో తరగతి చదివే కూతురికి అక్షరాలు దిద్దించడానికి ఎవరి చేతో పలక తెప్పించుకున్నాడు. ఆ పిల్ల దాన్ని ఒళ్ళో పెట్టుకుని, నాలుక బయటపెట్టి ‘అ’ దిద్దుతున్న ఫోటో గ్రూపులో పెట్టాడు. చూడగానే నవ్వొచ్చింది నాకు. నవ్వుకుంటూనే తీసేశాను. పొడుపుకి సంబంధం లేదు మరి.

ఇక ఆ బూడిద రంగు వాక్యం సంగతి. అది ఒక మంగళవారం పొద్దున, ఇదే రైల్లో. తమ్ముడి దగ్గర నుంచి పెద్ద మెసేజ్. “అక్కయ్యా, సారీ, రూల్ బ్రేక్ చేస్తున్నాను. లేఆఫ్‌లో నా జాబ్ పోయింది. వీసాకి ఇచ్చే అరవై రోజుల గ్రేస్ పీరియడ్‌లో ఇరవై అయిపోయాయి, ఈలోపు జాబ్ దొరక్కపోతే దేశం వదలాలి. అన్నిచోట్లా అప్లై చేశాను, ఒక్క కాల్ కూడా రావట్లేదు. మీలో ఎవరి టీమ్‌లో అయినా ఓపెనింగ్ ఉంటే రిఫర్ చేయగలరా? రెజ్యూమె పంపిస్తాను.” చదివాను. పూర్తిగా చదివాను, ఇక్కడ అబద్ధం చెప్పి లాభం లేదు. కానీ వేలు తన పని తాను చేసేసింది. ఒకరికి ఒప్పుకుంటే రేపు ఇంకొకరు ఇల్లు అద్దెకని పెడతారు, ఎల్లుండి మరొకరు చీరల ఎగ్జిబిషన్ పెడతారు. ఇలాంటి న్యాయాలు నాకు క్షణంలో తోస్తాయి. మెసేజ్ పెట్టిన నాలుగు నిమిషాలకి అది లేదు. తర్వాత విడిగా రాశాను: “తమ్ముడూ, రూల్ అందరికీ ఒకటే కదా. ఏమనుకోకు. సాయంత్రం ఫోన్ చేస్తాను.” వెంటనే జవాబిచ్చాడు: “అర్థమైంది అక్కయ్యా. సారీ.”

రెండు గంటలు పోయాక రెడ్‌మండ్‌లో తెల్లవారి, అన్నయ్యగారు ఆ బూడిద గీత చూసి అడిగారు. “ఏమిటి చెల్లెమ్మా తీసేశావు? ఎవరైనా శనివారం వెయ్యాల్సిన పొడుపు ముందే కక్కేశారా?” ఆఫీసులో మీటింగుకి పరుగెడుతున్నాను. “ఏం లేదు అన్నయ్యగారూ, మామూలు ఫార్వర్డే,” అని కొట్టి పడేశాను. ఆ సాయంత్రం తమ్ముడికి ఫోన్ చెయ్యలేదు. కూర వండాలి, బట్టలు మడతపెట్టాలి, అసలు ఏం మాట్లాడాలో తెలియదు. మర్నాడు చేద్దామనుకున్నాను. మర్నాడు ఏమనుకున్నానో గుర్తు కూడా లేదు.

ఆ శనివారం పొడుపు వేసే వంతు తమ్ముడిదే. వెయ్యడేమో అనుకున్నాను. సరిగ్గా పది గంటలకి వేశాడు: “ఐదక్షరాల మాట. మొదటి మూడూ ఒకప్పుడు ప్రతి పిల్లవాడి ఒళ్ళోనూ ఉండేవి, ఇప్పుడు వెతికి తెప్పించుకోవాలి. మూడోదీ నాలుగోదీ కలిపి సున్నా చెరిపితే ఏనుగు. మొత్తం మాటకి పైసా ఖర్చు లేదు, అయినా ఇచ్చేవాళ్ళు లేరు.” ఇక చూడాలి మా వాళ్ళ హడావిడి. అన్నయ్యగారు ‘బలపం’ అన్నారు, తర్వాత ‘గోచీ’ అన్నారు. అది రెండక్షరాలేనని ఎవరో అంటే, “మా ఇంట్లో పెద్దది కట్టేవారులే,” అన్నారు. ఖర్చు లేనిది సలహా అని ఒకరంటే, దాన్ని ఇచ్చేవాళ్ళకి ఎప్పుడు కరువొచ్చిందని అందరం నవ్వుకున్నాం. ఏనుగుకున్న పేర్లన్నీ వరసగా వచ్చాయి. గజం కాదు, దంతి కాదు. నలుగురం నాలుగు వైపుల నుంచి లాగుతుంటే చివరికి అన్నయ్యగారి చేతికే ‘కరి’ చిక్కింది. అంటే మూడో అక్షరం ‘క’. అప్పుడు నాకు ఆ పిల్ల గుర్తొచ్చింది. నాలుక బయటపెట్టి, ఒళ్ళో పలక. గ్రూపంతటిలో ఆ ఫోటోని సరిగ్గా చూసింది నేనొక్కదాన్నే, తీసేసింది నేనే కనుక. ‘పలక’ అని పెట్టాను. ఆ పైన నిమిషం పట్టలేదు, ముగ్గురం ఒకేసారి కొట్టాం: పలకరింపు.

చప్పట్ల బొమ్మలు వర్షం కురిసినట్టు కురిశాయి. నలభై నిమిషాల్లో విప్పామని, ఇంత మంచి పొడుపు ఏడాదిలో పడలేదని, ముక్క ముక్క ఎవరెవరు ఎలా అతికించారో అందరూ చెప్పుకున్నారు. ముప్ఫై మందిలో ఒక్కరికీ ఆ మాట తమ్ముడి వైపు తిప్పి అనాలని తోచలేదు. వాళ్ళకి తెలియదు, వాళ్ళని అనడానికి లేదు. నాకు తెలుసు. తెలిసీ, ‘పలక’ కనిపెట్టిన ఘనత నాదేనని ఆ రోజంతా మురిసిపోయాను. తమ్ముడు “కరెక్ట్ అక్కయ్యా,” అని ఒక్క మాట రాశాడు. సోమవారం చూస్తే గ్రూపులోంచి వెళ్ళిపోయి ఉన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. అది సొంత సంగతి కిందికి వస్తుంది కదా.

రెండు నెలల తర్వాత ఆష్‌బర్న్ నుంచే ఒకావిడ కొత్తగా చేరతానంది. చేర్చుకునే ముందు నిబంధనలు ఫోన్‌లో చెప్పడం నా ఆచారం. మాటల్లో మాటగా ఆవిడ చర్చి సంగతి వస్తే, “మీ ఊళ్ళో మా తమ్ముడొకడు ఉండాలమ్మా, డేటా సెంటర్లలో పని, రెండో తరగతి పాప, నాన్నగారు గుంటూరు దగ్గర బోధకుడు. మీ చర్చిలో తెలుసేమో,” అన్నాను. “అయ్యో ఆంటీ, మీకు తెలియదా? మా చర్చిలో పాటలు ఆయనే లీడ్ చేసేవారు. గ్రేస్ పీరియడ్ అయిపోయిందండీ. చివరి వీక్ దాకా ఎవరైనా కాల్ చేస్తారేమోనని చూశారు. పాపని స్కూల్ ఇయర్ మధ్యలోనే తీసేసి గుంటూరు వెళ్ళిపోయారు. మేమందరం ప్రేయర్ చేసి పంపించాం,” అంది. నిబంధనలు చెప్పడం అక్కడితో ఆపేశాను.

అన్నయ్యగారికి ఫోన్ చేసి, ఆ రోజు తీసేసింది ఫార్వర్డ్ కాదని చెప్పాను. అది ఏ వారమని అడిగారాయన. “అదే వారం నా టీమ్‌లో రెండు ఓపెనింగ్స్ ఉన్నాయి చెల్లెమ్మా. నెల రోజులు మనుషుల కోసం తిరిగాను. అతని లాంటివాడే కావాలి నాకు,” అన్నారు. తిడితే బాగుండేది. తిట్టలేదు. “సరే, ఉంటాను,” అని పెట్టేశారు. అప్పటినుంచి శనివారాలు ఆయన ఒక్క తప్పు జవాబు కూడా చెప్పడం లేదు. అసలు ఏమీ చెప్పడం లేదు.

ఆ రాత్రే నిబంధన చెరిపేశాను. ఇప్పుడు మా గ్రూపు నిండా పూలగుత్తులూ, గుడ్ మార్నింగులూ, కాకరకాయ వైద్యాలూ. పొడుపు వేసేవాళ్ళు ఇద్దరు మిగిలారు. పలకరించుకోవడానికి మాకిప్పుడు అడ్డేమీ లేదు, పలకరించాల్సినవాడు తప్ప అందరూ ఉన్నారు. అతను ఆ పొడుపు నన్ను ఉద్దేశించి వేశాడా అని చాలాసార్లు ఆలోచించాను. కాదనే అనుకుంటాను. అంత కసి ఉన్న మనిషి కాదు. పాపం, ఎవరో ఒకరు ఆ మాట తనకి ఇస్తారని చూశాడేమో. కసి ఉండి వేసుంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

గుంటూరు నంబరు ఆ ఆష్‌బర్న్ ఆవిడే కనుక్కుని పంపించింది. కొత్త ఫోన్‌లోకి అదీ వచ్చింది. రైలు దిగాక స్టేషన్ మెట్ల పక్కన నిలబడి ఆ నంబరు తెరిచాను. అక్కడ ఇప్పుడు సాయంత్రం, మాట్లాడటానికి మంచి వేళే. ఏమని మొదలుపెట్టాలో తోచక, మళ్ళీ మూసేసి ఆఫీసు వైపు నడిచాను. ఆ ఐదక్షరాలూ కనుక్కోవడానికి మాకు పట్టింది నలభై నిమిషాలు. దాని అర్థం నాకు తెలిసేలోపల ఒక మనిషి ఇల్లు ఖాళీ చేసుకుని, కూతురి పలక పెట్టెలో సర్దుకుని, దేశం దాటి వెళ్ళిపోయాడు.