పునాదిలో నీళ్ళు

ఆదివారం పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్దును కదా, గోడ కోసం ముందురోజు తవ్వించిన పునాది గొయ్యి నిండా నీళ్ళు. రాత్రి వాన చుక్క పడలేదు. పడితే ఇంటి ముందు కూడా తడిసుండాలి, అక్కడ మట్టి పొడిపొడిగా ఉంది. గొయ్యి అంచులు ఊరిపోయి పెళ్ళలు పెళ్ళలుగా లోపలికి జారిపోతున్నాయి. "అమ్మో అమ్మో, కావాలనే చేసేడు" అన్నాను. ఎవరని మా ఆయన అడగలేదు. ఆ రోజుల్లో నేను ఆ గొంతుతో తిట్టే మనిషి ఒక్కడే, మా తమ్ముడు.

రాజోలు దగ్గర మా నాన్నగారు కట్టిన ఇల్లు అది. ఆయన పోయేక మేమిద్దరం చెరో సగం తీసుకున్నాం. పడమటి సగం నాది, తూర్పు సగం వాడిది. పెరడు మాత్రం ఏ అడ్డూ లేకుండా ఒక్కటిగానే ఉండేది. కొన్నాళ్ళకి వాళ్ళ స్నానాల నీళ్ళు మా వైపు పారుతున్నాయని నేనూ, మీ వైపు పల్లంగా ఉంటే నేనేం చెయ్యనని వాడూ మాటా మాటా అనుకున్నాం. అంతే, మాటలు పోయేయి. చర్చిలో ఎదురుపడితే వాడు బూట్ల లేసులు చూసుకునేవాడు, నేను పాటల పుస్తకం తిరగేసేదాన్ని. నాకు కోపం వస్తే సగంలో ఆగదు. గోడ కట్టించేస్తానని మేస్త్రిని పిలిచేను, ఇటుకలు దింపించేను. సోమవారం పునాది వెయ్యాలి. ఆ గోడ లేస్తే అక్కాతమ్ముళ్ళ సంగతి ఇక అయిపోయినట్టేనని నాకు తెలుసు. తెలిసే కట్టిస్తున్నాను.

సరిగ్గా దానికి ముందురోజే గొయ్యిలోకి నీళ్ళు. అనుమానం రాదూ? పైగా ఇటుకలు దింపిన తరవాత ఓ సందెవేళ, వాడు మా కొబ్బరిచెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని ఏదో కెలకడం కళ్ళారా చూసేను. కిటికీ రెక్క చప్పుడయ్యేసరికి చేతులు దులుపుకుని దొంగలా వెళ్ళిపోయేడు. ఆ చెట్టు నా వాటాలోది, పునాది గొయ్యికి ఆనుకునే ఉంది. డాబా మీద ట్యాంకు నుంచి పెరటి బాత్రూంకి వెళ్ళే ఇనప పైపు ఆ చెట్టు మొదట్లోంచే, భూమిలోంచి వెళ్తుంది. నాన్నగారు ఆ పైపు వేయించిన రోజు చిన్నపిల్లలం, చెరో చివరా పట్టుకున్నాం. అది ఎక్కడుందో నాకు తెలుసు, వాడికి తెలుసు.

"పనివాళ్ళ గునపం తగిలిందేమోనే" అన్నారు మా ఆయన.

"తగిలితే నిన్ననే చిమ్మేది కదండీ? అందరూ పడుకునేదాకా ఆగుతుందా?"

"ఆయ్" అన్నారు. ఆయన ఎవరి పక్షమూ చేరరు, ఆయ్ అని ఊరుకుంటారు. ఆ ఆయ్‌తోనే నా ప్రాణం తీస్తారు.

ప్లంబరుకి ఫోను మీద ఫోను చేస్తే చివరికి ఎత్తి, గుసగుసగా, "టీచరుగారండీ, ఆరాధనలో ఉన్నానండి. అవ్వగానే వచ్చేస్తానండి. ఈలోగా ట్యాంకు కింద వాల్వు కట్టేసుకోండి" అన్నాడు. వెనకాల పాట వినపడింది కాబట్టి నమ్మేను, లేకపోతే అదీ నమ్మేదాన్ని కాదు. తమ్ముడి వాళ్ళ వైపు చూస్తే తలుపుకి తాళం. అందరూ చర్చికి వెళ్ళిపోయేరు. "చూసేరా, చెయ్యాల్సింది చేసేసి ప్రార్థనకి వెళ్ళేడు" అన్నాను. మళ్ళీ ఆయ్.

డాబా ఎక్కితే ఆ వాల్వు ఎర్రగా తుప్పు పట్టి ఉంది. కొబ్బరినూనె పోసి, కాసేపు ఆగి, అటూ ఇటూ నెమ్మదిగా కదుపుదామన్నారు మా ఆయన. నాకంత ఓపికేదీ? పట్టుకుని ఒక్క తిప్పు తిప్పేను. చక్రం ఊడి చేతికొచ్చింది. కరెంటు చూస్తే లేదు, లైన్ల పని ఉందని సాయంత్రం దాకా తీసేసేరు. అంటే ట్యాంకులో ఉన్నవే నీళ్ళు. అవి పోతే మోటారు వేసి నింపుకునే దారి లేదు. గబగబా కిందకి దిగి ఇంట్లో కుళాయిలన్నీ తిప్పేసి బిందెలు, బకెట్లు, అన్నం గిన్నెలు, ఆఖరికి ఇడ్లీ పాత్ర కూడా నింపేను. వాడి పునాదిలోకి పోయే బదులు నా గిన్నెల్లోకి వస్తే నయం కదా. కోపంలో నా పునాదిని వాడి పునాది అనేస్తున్నాను, చూడండి.

ఇక పైపు ఎక్కడ పోయిందో తవ్వి చూడాలి. చెట్టు మొదట్లో మట్టి ఉడుకుతున్న గంజిలా బుడబుడలాడుతోంది. మా ఆయన పార పట్టేరు, నేను తట్టతో బురద ఎత్తేను. పైన కప్పిన కొబ్బరి పీచు డొక్కలు తీసేసరికి నీళ్ళు ఇంకా చేరని పక్కన తెల్లగా ఏదో మెరిసింది. చేత్తో తీసి చూస్తే రాళ్ళుప్పు. గుప్పెళ్ళకి గుప్పెళ్ళు ఉంది, పూర్తిగా కరగను కూడా లేదు.

కొబ్బరికి ఉప్పు వెయ్యడం కోనసీమలో ఎవరికి తెలీదు? తొలకరికి చెట్టు చుట్టూ పాదు చేసి, ఉప్పు జల్లి, డొక్కలు కప్పుతారు. కానీ నేను వెయ్యలేదు. నాన్నగారు పోయేక ఆ చెట్టు వంక చూసే తీరికే లేదు నాకు. మా ఆయనా వెయ్యలేదు. అడక్కుండా పక్కవాళ్ళ చెట్టుకి ఉప్పు వేసే ధర్మాత్ముడు ఈ ఊళ్ళో ఎవడున్నాడు? నేను ప్రార్థన చేసుకునేదాన్ని, చేతబడులూ అవీ నమ్మను. అయినా ఒక్క క్షణం ఒళ్ళు జలదరించింది, దాచుకోడం ఎందుకు. ఆ వెంటనే అసలు సంగతి తట్టింది. ఉప్పు ఇనుముని తినేస్తుంది. గునపంతో పొడిస్తే దొరికిపోతాడు. ఉప్పు పోసేస్తే దానంతటదే పోయినట్టుంటుంది. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడి బుర్ర కదా! కళ్ళతో చూసేను, చేత్తో పట్టుకున్నాను, ఇంకేం కావాలి?

పైపు బయటపడింది. కిందవైపు చిల్లు పడి నీళ్ళు బుస్సుమని చిమ్ముతున్నాయి. తువ్వాలు చుట్టి ముడేస్తే అది నీళ్ళు తాగి జారిపోయింది. చెయ్యి అడ్డుపెడితే మొహమంతా బురద. నేను ఆ అవతారంలో ఉండగా గేటు చప్పుడైంది. తమ్ముడు. తెల్లచొక్కా, ఒక చేతిలో బైబిలు, రెండో చేతిలో పాత సైకిలు ట్యూబు. ఆరాధన మధ్యలో లేచి వచ్చేసేడు.

"పైపు పోయిందని వీడికెవరు చెప్పేరండీ?" అని మా ఆయన్ని అడిగేను, వాడికి వినపడేలా.

"ప్లంబరు నా పక్కనే కూర్చున్నాడు బావగారూ. ఫోనులో అక్క గొంతు చర్చి అంతా వినపడింది" అన్నాడు వాడు, నాకు వినపడేలా.

బైబిలు ఇటుకల మీద పెట్టి, ప్యాంటు మడిచి బురదలోకి దిగేడు. ట్యూబుని పొడుగ్గా చీల్చి, చిల్లుకి కొంచెం ఇవతల నుంచి మొదలెట్టి, బాగా సాగదీస్తూ ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కేలా చుట్టి, పైన తీగతో బిగించేడు. చిమ్మడం ఆగి చుక్కలు చుక్కలుగా కారడం మొదలెట్టింది. చెడగొట్టినవాడికి బాగుచెయ్యడం రాకుండా ఉంటుందా, అనుకున్నాను నేను. అంత ఉడికిపోతున్నాను లోపల.

ఇక ఆపుకోలేక ఆ ఉప్పు గుప్పిట్లో పట్టుకెళ్ళి వాడి మొహం ముందు పెట్టేను. "ఒరేయ్, ఇదేంట్రా? నా చెట్టు మొదట్లో నీ ఉప్పేంట్రా?"

స్నానాల నీళ్ళ గొడవ తరవాత నేను వాడితో నేరుగా అన్న మొదటి మాట అది. వాడు చేతులు చొక్కాకే తుడుచుకున్నాడు.

"నేనే వేసేనక్కా."

ఒప్పేసుకున్నాడు! విన్నారా అన్నట్టు మా ఆయన వంక చూసేను.

"నాన్నగారు ఏటా తొలకరికి వేసేవారు కదా" అన్నాడు. "నువ్వు వెయ్యట్లేదు. ఆయన పోయిన దగ్గర్నుంచీ నేనే వేస్తున్నాను. నువ్వు చూస్తే అరుస్తావని నువ్వు లేనప్పుడు చూసి వేసేవాణ్ణి."

"ఇంతింత పోస్తారట్రా ఎవరైనా?" నేనింకా తగ్గలేదు. "కింద పైపుందని తెలీదా?"

"పైపు సంగతి తట్టలేదక్కా. ఏటా ఇంత వెయ్యను." నీళ్ళు నిండిన గొయ్యి వంక చూసేడు. "గోడ వచ్చేస్తోంది కదా. ఇంక నేను ఇటు రాలేను కదా అని, పైయేటిది కూడా కలిపి వేసేసేను."

నాకు ఏడుపొచ్చేసింది. మొహమంతా బురద కాబట్టి ఎవరికీ కనపడలేదేమో గానీ, మా ఆయన మాత్రం పార పక్కన పెట్టి వచ్చి నా పక్కన నిలబడ్డారు. కోపం కూడా వచ్చింది. ఈ ముక్క ముందే చెప్పి చావచ్చు కదా వెధవ!

అప్పుడొచ్చేడు ప్లంబరు, చర్చి బట్టలతోనే. పైపు పట్టుకు చూసి, "ఈ తుప్పు నిన్నా మొన్నటిది కాదండి. నాన్నగారి కాలం నుంచీ ఉప్పే కదండి, అలా తింటూ వచ్చిందండి, నిన్న పక్కన తవ్విన అదురుకి రాత్రి చిల్లు పడిందండి" అన్నాడు. "కొత్త లైను ఎటునుంచి లాగమంటారండి? మళ్ళీ ఇనపదే వెయ్యమంటారా?"

తమ్ముడు ఇటుకల మీద బైబిలు తీసుకుని, వెళ్ళబోతూ ఆగేడు.

"ఆ గొయ్యి తవ్వే ఉంది కదా, అందులోనే లాగి పూడ్చెయ్యి" అన్నాను.

"మరి గోడండీ?"

"గోడా లేదు గీడా లేదు. పైపు మాత్రం ప్లాస్టిక్‌ది వెయ్యి. పైయేడు వీడు మళ్ళీ ఉప్పు పోస్తాడు."